సముద్రంలో కొర్రమీను

పోయిన నెల ఒక తెలుగు పుస్తకం నా చేతికొచ్చింది. సముద్రం ఒడ్డున ఒక విద్యుత్ కేంద్రాన్ని పెంచుతున్నారు. దానికి సంబంధించిన పర్యావరణ నివేదికను ఊళ్ళవాళ్ళు చదువుకోవడానికని ఇంగ్లీషులోంచి తెలుగు చేశారు. అచ్చుకు వెళ్ళే ముందు ఒకసారి చూసిపెట్టమన్నారు. మొదటి పేజీలోనే "ప్రతిపాదిత మొక్క జీవితకాలము" అని ఉంది. ఏ మొక్కా అనుకుంటూ రెండో పేజీ తిప్పాను. "మొక్క నుండి వెలువడు వేడినీరు సముద్రములోనికి విడుదల చేయబడును." ఇంగ్లీషులో ప్లాంట్ అని ఉన్న ప్రతిచోటా అనువాదం చేసే యంత్రం మొక్క అని పెట్టుకుంటూ పోయింది. ఒక్క మనిషి కూడా చదివి చూడలేదు. చదవకుండానే చివరి పేజీలో ముగ్గురు సంతకాలు చేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో గుర్తొచ్చిన మనిషి ఒక్కతే. పాత డైరీ వెతికి ఎర్రగడ్డలోని ఆవిడ ఇంటి నంబరుకి ఫోన్ చేశాను. ఆవిడ చెల్లెలు ఎత్తింది.

"అక్క పోయి మూడు నెల్లయిందమ్మా. మీరు ఎవరు?"

నేనెవరో చెప్పుకోవడానికి నాకు కొంచెం టైము పట్టింది.

ఆవిడ ఖైరతాబాదులో ఒక ప్రభుత్వ ఆఫీసులో తెలుగు టైపిస్టుగా పాతికేళ్ళు పనిచేసింది. టైపు మిషన్లు అటకెక్కాక ఉద్యోగం నుంచి ముందే తప్పుకుని, యాభై దాటిన వయసులో అమీర్‌పేటలో కంప్యూటరు మీద తెలుగు కొట్టడం నేర్చుకుంది. నేను చూసేనాటికి మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో, ఒక డీటీపీ సెంటర్లో కూర్చునేది. కింద జావా, పైన ఒరాకిల్, మెట్ల గోడలకి అడుగు ఖాళీ లేకుండా పోస్టర్లు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి వచ్చే పిల్లలంతా ఆ మెట్ల మీద నిలబడి అమెరికా గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ గోలలో ఆవిడ ఒక్కతే గుణింతాల గురించి పట్టించుకునేది.

నేను ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదివి, పంజాగుట్టలో ఒక కన్సల్టెన్సీలో కొత్తగా చేరాను. నా రూమ్మేట్లు "నీళ్ళ పరీక్షలేంటే, నీకేమన్నా పిచ్చా? హాయిగా జావా నేర్చుకో" అనేవాళ్ళు. ఫ్యాక్టరీలకీ గనులకీ అనుమతులు రావడానికి కావలసిన పర్యావరణ నివేదికలు మా ఆఫీసు తయారుచేసేది. ఇంగ్లీషు నివేదిక అధికారులకి. తెలుగు సంగ్రహం ఊరివాళ్ళకి. ఆ తెలుగు కాగితాలు పట్టుకుని పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకి నడిచి వెళ్ళి, ఆవిడ చేత కొట్టించుకుని రావడం నా పని.

మొదటిరోజు "మేడమ్" అని పిలిచాను.

"మేడం ఏంది? అక్క అను. గా కుర్చీ ఇటు గుంజుకో. కాయితం నీ చేతుల పట్టుకొని సదువు, నేను కొడ్త" అంది.

చదవడం మొదలుపెట్టాను. ఆవిడ వేళ్ళు కీబోర్డు మీద వర్షం పడినట్టు కదిలేవి. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయేది. చూస్తే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ నావైపు తిప్పుకుని కూర్చునేది.

"జర ఆగు. గిదేం చెప్తున్నట్టు?"

"ధూళిని నియంత్రించుటకు తగు చర్యలు తీసుకొనబడును అని."

"ఎవరు తీసుకొంటరు?"

"కంపెనీవాళ్ళు."

"మరి గట్ల రాయొచ్చు గదా. చేసెటోని పేరు దాచిపెట్టెతందుకే ఈ 'బడును' పుట్టించిండ్రు బిడ్డా. పాతికేండ్లు ఇదే కొట్టిన. మంజూరు చేయబడును, పరిశీలించబడును, తెలియజేయబడును. ఒక్కడు సుత ఏం చెయ్యలే."

అర్థం కాని మాట ఆవిడ కొట్టేది కాదు. అర్థమయ్యేలా చెప్పేదాకా చేతులు ఒళ్ళోనే ఉండేవి. మొదట్లో విసుగొచ్చేది. ఒక్క పేజీకి గంట పట్టేది. షాపు ఓనరు వచ్చి "అక్కా, జల్దీ కానీ, కస్టమర్లు నిలబడ్డరు" అంటే, "నిలబడనియ్యి. చదివెటోడు ఇంకో దిక్కు నిలబడి ఉన్నడు, ఆని ఫికర్ నీకు లేదు" అనేది. చేతి గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకి ఉండేలా పెట్టుకునేది. టైపు కొడుతూ టైము కనపడితే తప్పులు పడతాయని ఆవిడ నమ్మకం. మధ్యాహ్నం జామకాయ ఉప్పు కారం అద్దుకుని తిని, చేతులు రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడుగానీ కీబోర్డు ముట్టేది కాదు.

కొన్ని నెలలకి నాకు తెలియకుండానే నా రాత మారింది. ఆవిడ అడగబోయే ప్రశ్న ముందే వినిపించేది. "శబ్ద కాలుష్యము స్వల్పము" అని రాస్తూ ఆగి, ఎవరికి స్వల్పం అని నన్ను నేనే అడుక్కునేదాన్ని.

అప్పుడొచ్చింది ఆ పని.

సముద్రం ఒడ్డున ఒక అణు విద్యుత్ కేంద్రం. పేరూ ఊరూ ఇక్కడ రాయను. చాలా ఏళ్ళుగా నడుస్తున్నదే. దాని లైసెన్సులో మార్పులు కావాలని అడిగారు. రియాక్టరును ఇంతకుముందు కంటే ఎక్కువ శక్తితో నడుపుతారు. మరికొన్నేళ్ళు ఎక్కువ నడుపుతారు. యంత్రాలను చల్లబరిచి బయటికొచ్చే నీటిని, ఇదివరకటి కంటే ఇంకొంచెం వేడిగా సముద్రంలోకి వదులుతారు. ఈ మూడు మార్పుల వల్ల సముద్రానికీ, చేపలకీ, చుట్టుపక్కల బెస్తవాళ్ళకీ ఏమవుతుందో పరిశీలించి నివేదిక రాయాలి. ఆ పని మా ఆఫీసుకొచ్చింది.

నేను అక్కడికి వెళ్ళి ఒక వారం ఉన్నాను. చలికాలం. పడవ మీద వెళ్ళి నీటి నమూనాలు తీసి, వేడి కొలిచి, సీసాల్లో పోసి తెచ్చాను. వేసవిలో మళ్ళీ వెళ్ళాలి కదండీ అని మా డైరెక్టరుగారిని అడిగాను. "చూద్దాంలేమ్మా" అన్నారు. వేసవి రాకముందే నివేదిక తయారైపోయింది. తెలుగు సంగ్రహం కాగితాలు ఒక కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. నేను వాటిని చదవలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అలవాటుగా చంకలో పెట్టుకుని అమీర్‌పేటకి నడిచాను.

మొదటి పేజీలు బాగానే సాగాయి. "ఈ ప్రాంతపు జీవజాలం" అన్న అధ్యాయం దగ్గర ఆవిడ చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి.

"ఇంకోపాలి సదువు."

"ఈ ప్రాంతపు జలాలలో కొర్రమీను, బొచ్చె..."

"కొర్రమీనంటే మా కొర్రమట్టనే గదా? అది చెర్ల చేప బిడ్డా. సముద్రంల ఎట్లుంటది?"

ఆవిడ కాగితం లాక్కుని వెలుతురుకి పట్టుకుని చూసింది. టేకు చెట్లు ఉన్నాయి. నల్లమద్ది ఉంది. ఎలుగుబంట్లు ఉన్నాయి. నెమళ్ళు, కుందేళ్ళు, నెమళ్ళు అని నెమళ్ళు రెండుసార్లు ఉన్నాయి.

"ఈ రెండో నెమళ్ళు నేను చేసిన తప్పే" అంది మెల్లగా. "మీ ఆఫీసోళ్ళదే సిమెంటు ఫ్యాక్టరీ పుస్తకం ముందుగాల ఒకటి కొట్టిన, దాంట్ల చేసిన. ఇంటికి పోయినంక యాదికొచ్చింది, అప్పటికే అచ్చయిపోయింది. ఇది గా పేజే. జిరాక్స్ తీసి, ఊరి పేరు మీద తెల్లది పూసి, కొత్త పేరు రాసిండ్రు."

వేలితో తడిమి చూపించింది. తెల్ల సిరా గట్టిపడి పొలుసులా ఉంది.

"ఇంగ్లీషు దాంట్ల ఏముందో చూసినవా?"

చూడలేదు. పరిగెత్తినట్టు ఆఫీసుకి వచ్చి చూశాను. ఇంగ్లీషులోనూ అవే ఎలుగుబంట్లు. కొండల మధ్య ఆ సిమెంటు ఫ్యాక్టరీ సున్నపురాయి గని కోసం రాసిన అధ్యాయాన్ని సముద్రానికి తగిలించారు. నేను చలిగాలిలో పడవ మీద తీసిన ఒక్క వారం అంకెలను "సంవత్సరం పొడవునా జరిపిన అధ్యయనం" అని రాశారు. చివర్లో ముద్దక్షరాలతో ఒక వాక్యం: "ప్రతిపాదిత మార్పుల వలన చెప్పుకోదగిన ప్రభావము ఉండదు."

డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన తల ఎత్తకుండానే విన్నారు.

"ఎవరు చదువుతారమ్మా ఇది? పంచాయతీ ఆఫీసులో బీరువా మీద పడి ఉంటుంది. టైపిస్టు చెప్పిందని నువ్వు రావడమేంటి? ఇంకో షాపులో కొట్టించు."

ఇంకో షాపులో కొట్టించాను. అవును, నేనే కొట్టించాను. అక్కడి అబ్బాయి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సాయంత్రానికి ఇచ్చేశాడు. రెండో నెమళ్ళు కూడా అలాగే ఉన్నాయి.

ప్రజాభిప్రాయ సేకరణ ఆ ఊరి హైస్కూలు మైదానంలో జరిగింది. షామియానా కింద వేదిక మీద అధికారులు, కేంద్రంవాళ్ళు, మా డైరెక్టరుగారు. నేను వేదిక పక్కన బొమ్మలు చూపించే మిషను దగ్గర నిలబడ్డాను. కింద బెస్తవాళ్ళు, ఆడవాళ్ళు ముందు వరుసల్లో. మా డైరెక్టరుగారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. తరవాత "ఎవరైనా మాట్లాడవచ్చు" అన్నారు. మైకు దగ్గరికి ఒక మనిషి నడిచి వచ్చింది.

చేతిసంచీ భుజానికి తగిలించుకుని, రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన నలిగిన చీరతో, ఆవిడ.

"అందరికి నమస్తే. పేపర్ల ఈ మీటింగు సంగతి చూసి హైదరాబాద్ కెంచి వచ్చిన. ఈ పుస్తకం టైపు కొట్టే పని ముందుగాల నాకే వచ్చింది. నేను కొట్టలే. ఎందుకు కొట్టలేదో మీకు చెప్పి పోత."

అధ్యక్షత వహిస్తున్న అధికారి మధ్యలోనే అందుకున్నాడు. "మీది ఈ ఊరేనా అమ్మా?"

"కాదు సార్."

"స్థానికులకే అవకాశం. కూర్చోండి."

ఆ నివేదిక రాసినవాళ్ళలో ఒక్కడైనా స్థానికుడా? ఆ వేదిక మీద కూర్చున్నవాళ్ళలో ఆ సముద్రంలో కాలు తడిపినవాడు ఎవడైనా ఉన్నాడా? పంజాగుట్టలో కూర్చుని వాళ్ళ సముద్రంలోకి ఎలుగుబంట్లను వదిలినవాళ్ళకి మైకు ఉంది. చదివి, సిగ్గుపడి, రైలెక్కి వచ్చిన మనిషికి లేదు. మైకు తీసేశారు.

ఆవిడ వాదించలేదు. సంచీలోంచి, పొద్దున పంచాయతీ ఆఫీసులో అడిగి తెచ్చుకున్న ఆ పుస్తకమే తీసి, పేజీ మడిచి, ముందు వరుసలో కూర్చున్న ఒక చేపలమ్మే ఆవిడ చేతికిచ్చింది. "నీది ఈ ఊరే గదా చెల్లే. నువ్వు సదువు."

ఆమె లేచి నిలబడి, మైకు లేకుండానే కూడబలుక్కుంటూ చదివింది. "ఈ ప్రాంతపు జలాలలో... కొర్రమీను... విరివిగా లభించును."

ముందు ఎవరో పకాలున నవ్వారు. తరవాత మైదానమంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. చదువుతూ పోయింది. టేకు చెట్ల దగ్గర నవ్వు తగ్గింది. ఎలుగుబంట్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు.

"ఎవరండీ ఇది రాసింది?" అని ఆమె వేదిక వైపు చూసి అడిగింది. "మా ఊరొచ్చారా మీరు? మా పిల్లల నోటికాడ కూడు గురించి రాస్తా, కనీసం మా ఒడ్డుకొచ్చి చూశారా?"

జనం లేచారు. కుర్చీలు పడ్డాయి. అధికారి సభ వాయిదా వేశానని ప్రకటించాడు. ఆ తోపులాటలో మా డైరెక్టరుగారు నా దగ్గరికొచ్చి పళ్ళు కొరుకుతూ అడిగారు. "ఎవరావిడ? మన టైపిస్టా? నీకు తెలుసా?"

ఆవిడ నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. నా వైపే చూస్తోంది.

"తెలియదండీ" అన్నాను.

మూడు వారాల్లో ఆ అధ్యాయం మార్చారు. ఎవరూ సముద్రం దగ్గరికి వెళ్ళలేదు. లైబ్రరీ పుస్తకంలోంచి సముద్రపు చేపల పేర్లు ఎత్తి రాశారు. చందువాలు, వంజరాలు, కవళ్ళు వచ్చి చేరాయి. ఎలుగుబంట్లు పోయాయి. నా ఒక్క వారం అంకెలు సంవత్సరం పొడవునా అన్న మాటతో అలాగే ఉన్నాయి. చివరి వాక్యంలో అక్షరం మారలేదు. చెప్పుకోదగిన ప్రభావము ఉండదు. పేజీల కింద ఉన్న సముద్రమే మారిపోయినా ఆ వాక్యానికి ఏమీ కాలేదంటే, అది ముందే రాసిపెట్టుకున్న వాక్యం.

ఆ మార్చిన పుస్తకం చూసిన రోజే అమీర్‌పేటకి వెళ్ళాను. మా ఆఫీసు పని పోయేసరికి ఓనరు ఆవిడను తెలుగు సీటు నుంచి తీసి, రెజ్యూమేలు కొట్టే సీట్లో కూర్చోబెట్టాడు. ఒక కుర్రాడు "రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్" అని చెప్తున్నాడు. ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్నాయి. "ఏడ చేసినవ్ బిడ్డా రెండేండ్లు? నీకు మీసమే మొన్న వచ్చినట్టుంది."

వాడు వెళ్ళేదాకా ఆగి దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడగాలని వచ్చాను. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు.

"గా దినం నన్ను ఎరుగనన్నవు. నాకు మస్తు బాధయింది. అబద్ధమెందుకు చెప్తా? సరే, అది గట్ల ఉండనియ్యి. ఇప్పుడెందుకొచ్చినవ్?"

వేసవి కొలతల సంగతి చెప్పాను. చలికాలపు నీటిలో కొలిచి, వేసవి సముద్రం కూడా ఇంతే ఉంటుందని రాశారని చెప్పాను. ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్ళలోనే చేపపిల్లలు పెరుగుతాయనీ, మండు వేసవిలో వేడినీళ్ళు వదిలితే ముందు చచ్చేది అవేననీ, ఆ సంగతి నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నాననీ చెప్పాను. ఆవిడ అంతా విని కొత్త పేజీ తెరిచింది.

"చెప్పు. నువ్వు చూసింది చెప్పు. అనుకున్నది చెప్పకు. పైకి అధికారులకు పంపుదాం."

మొదలుపెట్టాను. "ఈ కేంద్రం వద్ద చలికాలంలో ఒక వారం పాటు నీటి నమూనాలు సేకరించబడ్డాయి."

చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు సేకరించిండ్రు?"

"నేనే."

"మరి?"

"నేను సేకరించాను" అన్నాను. ఆవిడ వేళ్ళు కదిలాయి. ఆ వాక్యం తెర మీద అక్షరం అక్షరంగా పడుతుంటే, పక్కన ఎవరో నా పేరు గట్టిగా పిలిచినట్టు అనిపించింది. నేను చూశాను. నేను అడిగాను. నేను చెప్పలేదు. రెండు పేజీలు అయ్యాయి. కింద నా పేరు కొట్టి, సంతకానికి చోటు వదిలి, ప్రింటు తీసి ఇచ్చింది.

"ఇప్పుడే పెట్టకు. ఇంటికి తీస్కపో. పొద్దుగాల బుద్ధి పుడితే పెట్టు."

"ఇప్పుడే పెడతానక్కా" అన్నాను.

నెల తిరక్కుండా నా ఉద్యోగం పోయింది. దాని గురించి ఎక్కువ చెప్పను. నేను ఇంకోచోట చేరాను, బతికాను. లైసెన్సు మార్పులకు మాత్రం అనుమతి వచ్చింది, మూడింటికీ. ముప్పై పేజీల ఆ ఉత్తర్వులో మా ఉత్తరం సంగతి ఎక్కడా లేదు. కానీ షరతుల్లో ఒకటి కొత్తగా చేరింది. బయటికి వదిలే నీటి వేడి ఎంతో ప్రతి నెలా పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో ప్రదర్శించబడును.

"మళ్ళ 'బడునే' పెట్టిండ్రు" అంది ఆవిడ, ఆ కాగితం చదివి. "రాసెటోడు ఎవడో లేడు. అంటే రాయరు."

అంతటితో ఊరుకోలేదు. ఆ పంచాయతీ ఆఫీసు నంబరు కనుక్కుంది. ప్రతి నెలా ఫోను చేసి గోడ మీద అంకె ఎంతో అడగడం మొదలుపెట్టింది. మొదటి రెండేళ్ళు నాకు తెలుసు. తరవాత నా బతుకులో నేను పడిపోయాను. పండగలకి ఫోన్ చేసేదాన్ని, అదీ మానేశాను. ఇంకో ఉత్తరం మీద సంతకం పెట్టమని ఆవిడ నన్ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేనూ ఏమయిందని అడగలేదు.

పోయిన నెల ఆ ఫోన్ చేశాక ఎర్రగడ్డలో వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లెలు టీ ఇచ్చి, ఫోను పక్కనుండే స్కూలు నోట్‌బుక్కులు తెచ్చి ముందు పెట్టింది. నెల, తారీఖు, అంకె, చెప్పినవాళ్ళ పేరు. ఏళ్ళ తరబడి ఒక్క నెల తప్పలేదు. అంకె పరిమితి దాటిన నెలల పక్కన "ఉత్తరం రాసిన" అని ఉంది. వాటిలో చాలావాటి కింద "జవాబు లేదు" అని ఉంది.

"ఎందుకక్కా నీకిది, ఆ ఊరు మనదా అని మస్తుసార్లు అడిగిన" అంది చెల్లెలు. "'నేను ఫోను చేస్తనని ఆళ్ళకు ఎరుకైతే చాలే' అనేది. దవాఖానల ఉన్నప్పుడు సుత నాతోని చేపిచ్చింది."

చివరి నోట్‌బుక్కులోని నంబరుకి అక్కడే కూర్చుని ఫోన్ చేశాను. పంచాయతీ ఆఫీసులో ఎవరో మగమనిషి ఎత్తాడు. గోడ మీద ఈ నెల అంకె ఎంతండీ అని అడిగాను.

"ఈ నెల రాయలేదండి. మూణ్ణెల్లుగా రాయట్లేదు."

"ఎందుకని?"

"హైదరాబాదు నుంచి ఒక అమ్మగారు ఫోన్ చేసి అడిగేవారండి. ఆవిడ అడుగుతారని మేం ప్లాంటుకి కబురు చేసి అంకె తెప్పించి రాసేవాళ్ళం. ఆవిడ చెయ్యడం మానేశారు కదండీ."

ఎంతో కోపమొచ్చింది నాకు. ఒక రియాక్టరు, దాని మీద ఒక శాఖ, ఆ శాఖ మీద ఇంకో శాఖ, ఇన్ని సంతకాలు, ఇన్ని ముద్రలు. ఇవన్నీ కలిసి ఇన్నేళ్ళు నిలబడింది ఎర్రగడ్డలోని ఒక టైపిస్టు ఫోను మీదా? అరవాలనిపించింది. కానీ ఆ అవతలి మనిషి మీద అరిచి ఏం లాభం?

"అంకె తెప్పించడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను.

"ఇప్పుడు ఫోన్ చేస్తే అరగంటలో చెప్తారండి. రేపు రాయిస్తాలెండి."

"వద్దు. ఇప్పుడే కనుక్కుని గోడ మీద రాయండి" అన్నాను. "నేను లైన్లోనే ఉంటాను."